చలనం, బలం లెక్కల సాధన: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదో తరగతి పిల్లలు, ఇంటర్ మొదటి సంవత్సరంలో కొత్తగా చేరినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఫిజిక్స్ లెక్కల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో వచ్చే ఉదాహరణలన్నీ మన గోదావరి డెల్టాలో రోజూ కనిపించేవే: పంటు, కాలువ, కొబ్బరి చెట్టు, బస్తా, రైలు వంతెన. లెక్క సులువుగా సాగడానికి గురుత్వ త్వరణం 10 మీ/సె² అని తీసుకున్నాను. పరీక్షలో 9.8 అని ఇస్తే 9.8 తోనే చేయాలి.

పాఠం చెబుతుంటే అర్థమవుతుంది. లెక్క ఇస్తే మాత్రం చేయి ఆడదు. ఎందుకు సార్?

లెక్క చదవగానే సూత్రం కోసం వెతుకుతున్నారు కాబట్టి. రెండు అంకెలు ఇచ్చారు, మన దగ్గర మూడు సూత్రాలున్నాయి, ఏది అతుకుతుందో చూద్దాం అనుకుంటారు. దారి తప్పేది అక్కడే. ప్రతి లెక్కలోనూ ఏదో ఒకటి జరుగుతోంది. ఒక వస్తువు కదులుతోంది, లేదా కదలకుండా ఉంది. దాన్ని ఎవరో నెడుతున్నారు, ఏదో అడ్డుపడుతోంది. ముందు అదంతా మీ కళ్లకు కనపడాలి. పుస్తకం పక్కన పెట్టి, లెక్కలో ఏం జరుగుతోందో మీ చెల్లికి రెండు మాటల్లో చెప్పి చూడండి. చెప్పగలిగితే సగం లెక్క అయిపోయినట్టే. చెప్పలేకపోతే ఏ సూత్రమూ ఆదుకోదు.

కాబట్టి చదవండి, నోటితో చెప్పండి, బొమ్మ గీయండి. ఏ దిక్కు ప్లస్సో బాణం వేసి గుర్తు పెట్టండి. తెలిసినవి, కావలసినవి ఒక పక్కన రాయండి. సూత్రం ఆ తర్వాతే. మొదట్లో ఒక్కో లెక్కకు పావుగంట పట్టినా ఫరవాలేదు, పట్టనివ్వండి. బొమ్మ గీయడం టైము వేస్టు అనుకునే పిల్లలే పరీక్ష హాల్లో ఒకే లెక్కను మూడుసార్లు కొట్టేసి రాస్తుంటారు.

దూరం, స్థానభ్రంశం రెండూ ఒకటే కదా?

కాదు. మీరు నరసాపురం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి, సఖినేటిపల్లి రేవులో దిగారు. మీ స్నేహితుడు అదే రేవు దగ్గర బయల్దేరి, పాలకొల్లు వైపు వెళ్లి, చించినాడ వంతెన దాటి, మలికిపురం మీదుగా చుట్టు తిరిగి సఖినేటిపల్లి రేవుకే వచ్చాడు. అతను తిరిగిన దూరం మీకంటే చాలా ఎక్కువ. స్థానభ్రంశం మాత్రం ఇద్దరిదీ ఒక్కటే, ఎందుకంటే బయల్దేరిన చోటూ చేరిన చోటూ ఒకటే. అదే పంటు మీద మీరు వెనక్కి వచ్చేస్తే మీ స్థానభ్రంశం సున్నా. టికెట్టు డబ్బులు రెండుసార్లు కట్టినా సరే.

సగటు వడి అంటే రెండు వడులూ కలిపి రెండుతో భాగించడమేనా?

ఆ రెండు వడులతోనూ సమాన కాలం ప్రయాణిస్తేనే అలా చేయవచ్చు. సమాన దూరాలు ప్రయాణిస్తే అలా కుదరదు.

నిలకడ నీటిలో సెకనుకు 3 మీటర్లు పోయే నావ ఉంది. కాలువ ప్రవాహం సెకనుకు 1 మీటరు. ఆ నావ 1200 మీటర్లు దిగువకు వెళ్లి, మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చింది. దిగువకు పోయేటప్పుడు ప్రవాహం తోడవుతుంది, వడి 4. ఎగువకు వచ్చేటప్పుడు ప్రవాహం ఎదురవుతుంది, వడి 2. నాలుగూ రెండూ కలిపి సగం చేస్తే 3 వస్తుంది, సరిపోయిందనిపిస్తుంది. కానీ కాలం చూడండి. పోవడానికి 300 సెకన్లు, రావడానికి 600. మొత్తం 2400 మీటర్లు, 900 సెకన్లు. సగటు వడి సుమారు 2.67 మీ/సె. నావ నెమ్మదిగా నడిచిన భాగంలోనే ఎక్కువ సేపు ఉంది కాబట్టి సగటు అటు వైపు మొగ్గింది. ఇక సగటు వేగం (స్థానభ్రంశం ÷ కాలం) అడిగితే సున్నా, ఎందుకంటే నావ మొదటి చోటికే వచ్చేసింది.

ఎప్పుడూ మొత్తం దూరం, మొత్తం కాలం విడివిడిగా కట్టి, చివర భాగించండి. అడ్డదారి వద్దు.

గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడం ప్రతిసారీ మర్చిపోతున్నాను.

5 తో గుణించి 18 తో భాగించండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ఈ ఒక్కటి గుర్తుంటే 18, 54, 72, 90 అన్నీ నోటికే వస్తాయి. లెక్కలో ఏ అంకె కనపడినా, సూత్రం రాయకముందే ప్రమాణాలు మార్చేయండి. గ్రాములు కిలోల్లోకి, సెంటీమీటర్లు మీటర్లలోకి, నిమిషాలు సెకన్లలోకి.

రైలు వంతెన దాటే లెక్కలో జవాబు ఎప్పుడూ తక్కువ వస్తోంది.

రైలు పొడవు వదిలేస్తున్నారు. రాజమండ్రి దగ్గర 1997లో వచ్చిన ఆర్చ్ వంతెన పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. 540 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లతో, దాన్ని దాటుతోందనుకుందాం. ఇంజను వంతెన ఎక్కినప్పుడు మొదలుపెట్టి, ఆఖరి పెట్టె దిగేదాకా లెక్కించాలి. అప్పటికి ఇంజను 2700 + 540 = 3240 మీటర్లు పోయి ఉంటుంది. కాలం 216 సెకన్లు, అంటే మూడున్నర నిమిషాల పైన. రైల్లో కూర్చున్న మీరు కిటికీలోంచి వంతెన మొదలూ చివరా చూసి టైము కడితే మాత్రం 2700 మీటర్లే, 180 సెకన్లే. ఎవరి కాలం అడుగుతున్నారో చూడకుండా అంకెలు వేస్తే, రైలైనా వంతెనైనా బోర్లా పడతాం.

ప్లస్సు, మైనస్సు గుర్తుల దగ్గర కంగారు పడుతున్నాను.

దిక్కు ఎంచుకోవడం మీ ఇష్టం, కానీ ఒకసారి ఎంచుకున్నాక లెక్క పూర్తయ్యేదాకా మార్చకూడదు. పైకి విసిరిన బంతి లెక్కలో పై దిక్కు ప్లస్ అనుకుంటే, గురుత్వ త్వరణం మొదటి నుంచి చివరి దాకా మైనస్ 10. బంతి పైకి పోతున్నా, పైన ఒక్క క్షణం నిలిచినా, కిందకి వస్తున్నా అదే.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. అన్నిటికంటే పై ఎత్తులో వేగం సున్నా కదా, త్వరణం కూడా సున్నాయే అంటారు. త్వరణం కూడా సున్నా అయితే బంతి వేగం ఇక మారదు, అంటే బంతి అక్కడే గాలిలో వేలాడుతూ ఉండిపోవాలి. అది కిందకి వస్తోందంటే ఆ క్షణంలోనూ త్వరణం ఉన్నట్టే. వేగం ఎంత అనేది ఒక ప్రశ్న, వేగం ఎంత తొందరగా మారుతోంది అనేది మరో ప్రశ్న.

మైనస్ త్వరణం ఉంటే వస్తువు నెమ్మదిస్తోందని కూడా అనుకోవద్దు. కిందకి పడే బంతి వేగం మైనస్, త్వరణమూ మైనస్. బంతి వడి పెరుగుతోంది. రెంటి గుర్తులూ ఒకటైతే వడి పెరుగుతుంది, వేరైతే తగ్గుతుంది.

మూడు గమన సమీకరణాల్లో ఏది ఎప్పుడు వాడాలి?

తొలి వేగం, తుది వేగం, త్వరణం, కాలం, దూరం: మొత్తం ఐదు రాశులు. లెక్కలో మూడు ఇస్తారు, ఒకటి అడుగుతారు. ఇవ్వనిదీ అడగనిదీ ఒకటి మిగులుతుంది. అది లేని సమీకరణమే మీకు కావాలి.

రావులపాలెం దగ్గర హైవే మీద బస్సు గంటకు 72 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 20 మీటర్లతో వస్తోంది. బ్రేకు వేస్తే 4 మీ/సె² రుణత్వరణం (వడిని తగ్గించే త్వరణం) వస్తుంది. ఎంత దూరంలో ఆగుతుంది? కాలం ఇవ్వలేదు, అడగలేదు. కాబట్టి కాలం లేని సమీకరణం: తుది వేగం వర్గం = తొలి వేగం వర్గం + 2 × త్వరణం × దూరం. 0 = 400 − 8 × దూరం. 50 మీటర్లు. అదే బస్సు గంటకు 36 తో వస్తే? 0 = 100 − 8 × దూరం, 12.5 మీటర్లు. వేగం సగమైతే ఆగే దూరం నాలుగో వంతు అయింది. డ్రైవరు ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపు ఒక్క సెకను గడిచినా, మొదటి బస్సు అప్పటికే 20 మీటర్లు వచ్చేసి ఉంటుంది. వాన పడి రోడ్డు తడిస్తే ఘర్షణ తగ్గి ఈ 50 ఇంకా పెరుగుతుంది. కాలువ గట్టు రోడ్ల మీద బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఈ లెక్క తెలియాలని నా కోరిక.

ఒక జాగ్రత్త. ఈ మూడు సమీకరణాలూ త్వరణం మారకుండా ఉన్నప్పుడే పనిచేస్తాయి. త్వరణం మధ్యలో మారితే లెక్కను ముక్కలు చేసి, ఒక ముక్క తుది వేగాన్ని తర్వాతి ముక్కకు తొలి వేగంగా తీసుకోవాలి.

గ్రాఫు లెక్కలు వదిలేయొచ్చా?

వద్దు, వాటిలో మార్కులు సులువుగా వస్తాయి. ముందు నిలువు అక్షం మీద ఏముందో చూడండి: దూరమా, వేగమా? దూరం–కాలం గ్రాఫులో వాలు వడినిస్తుంది. వేగం–కాలం గ్రాఫులో వాలు త్వరణాన్నిస్తుంది, గీత కింది వైశాల్యం స్థానభ్రంశాన్నిస్తుంది. అడ్డంగా పోయే గీత మొదటి గ్రాఫులో ఆగి ఉన్న వస్తువు, రెండో గ్రాఫులో ఒకే వేగంతో పోతున్న వస్తువు.

ఒక ఆటో నిశ్చల స్థితి నుంచి 5 సెకన్లలో 10 మీ/సె అందుకుంది, అదే వేగంతో 20 సెకన్లు పోయింది, 4 సెకన్లలో ఆగింది. వేగం–కాలం గ్రాఫు గీస్తే ఒక త్రిభుజం, ఒక దీర్ఘచతురస్రం, ఇంకో త్రిభుజం. 25 + 200 + 20 = 245 మీటర్లు. సూత్రాలతో చేస్తే మూడు మెట్లు పట్టే లెక్క ఇది.

బలాల బొమ్మ ఎలా గీయాలి? ఎన్ని బాణాలు వేయాలో తెలియడం లేదు.

అన్ని ప్రశ్నల్లోకీ ముఖ్యమైనది ఇదే. బలం లెక్కల్లో తప్పులు చాలావరకు గణితంలో జరగవు, ఈ బొమ్మలో జరుగుతాయి.

లెక్క ఏ వస్తువు గురించి అడుగుతోందో దాన్ని ఒక్కదాన్నే గీయండి. నేలా, తాడూ, మనిషీ బొమ్మలో వద్దు. ఇప్పుడు ఆ వస్తువును ఏవేవి తాకుతున్నాయో చూడండి. తాకే ప్రతిదీ ఒక బలం ఇవ్వవచ్చు. తాకకుండా పనిచేసేది మన లెక్కల్లో భూమి ఒక్కటే, దాని బాణం ఎప్పుడూ నిట్టనిలువుగా కిందకే. ప్రతి బాణం పక్కనా "ఇది ఎవరి బలం?" అని రాసుకోండి. ఎవరిదో చెప్పలేని బాణాన్ని కొట్టేయండి. చేతిలోంచి వదిలేసిన బంతి మీద "చేతి బలం" అని గీసే పిల్లలు చాలామంది. చెయ్యి బంతిని తాకడం మానేసిన క్షణంలోనే ఆ బలం పోయింది. బంతికి మిగిలింది వేగం. వేగం బలం కాదు.

ఇప్పుడు బస్తా సంగతి. గోడౌన్ సిమెంటు నేల మీద 50 కిలోల బియ్యం బస్తా ఉంది. దాన్ని అడ్డంగా 150 న్యూటన్ల బలంతో లాగారు, కదల్లేదు. ఘర్షణ ఎంత? తాకేవి రెండు: నేల, లాగే చెయ్యి. నేల రెండు విధాల బలం ఇస్తుంది, పైకి అభిలంబ బలం, వెనక్కి ఘర్షణ. ఇంకా భూమి ఆకర్షణ. మొత్తం నాలుగు బాణాలు. నిలువుగా చూస్తే భూమి కిందకి 500, నేల పైకి 500. అడ్డంగా చూస్తే చెయ్యి ముందుకు 150. బస్తా కదల్లేదు, త్వరణం సున్నా, ఫలిత బలం సున్నా. కాబట్టి ఘర్షణ వెనక్కి సరిగ్గా 150.

చాలామంది ఇక్కడ "ఘర్షణే ఎక్కువ, అందుకే కదల్లేదు" అని రాస్తారు. ఘర్షణ ఎక్కువైతే బస్తా వెనక్కి జరగాలి! మనం ఎంత లాగితే ఘర్షణ అంతే ఎదురు నిలుస్తుంది, తన హద్దు దాకా. ఆ హద్దు 220 అనుకుందాం. 180 తో లాగితే ఘర్షణ 180. 220 దాటిస్తే బస్తా జారడం మొదలవుతుంది, జారుతున్నప్పుడు ఘర్షణ కాస్త తగ్గి 200 అవుతుంది. ఇప్పుడు 250 తో లాగుతున్నాం. ఫలిత బలం 50, ద్రవ్యరాశి 50, త్వరణం 1 మీ/సె². ఒకే వేగంతో లాక్కుపోవాలంటే ఎంత చాలు? 200 చాలు. బస్తా కదిలించడానికి మొదట గట్టిగా గుంజి, కదిలాక కొంచెం తేలిగ్గా లాగడం హమాలీల పనిలో మీరు చూసే ఉంటారు.

ఇంటర్ పిల్లలకు ఇంకో మెట్టు: తాడును ఏటవాలుగా పైకి పట్టి లాగితే నేల ఇచ్చే అభిలంబ బలం 500 కంటే తగ్గుతుంది, దాంతో ఘర్షణ కూడా తగ్గుతుంది. అభిలంబ బలం ఎప్పుడూ బరువుకు సమానమని గుడ్డిగా రాయొద్దు. నిలువు బాణాలన్నీ గీసి, కూడి, అప్పుడు కనుక్కోండి.

కదులుతున్న వస్తువు మీద కదిలే దిక్కులో బలం ఉండి తీరాలి కదా?

అక్కర్లేదు. కాలువను చూడండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ధవళేశ్వరం దగ్గర మళ్లిన నీరు మోటార్లు లేకుండా నేల వాలు మీదే పొలాలకు పారుతోంది. కిందకి పోతున్న నీరు కదా, భూమి లాగుతూనే ఉంది కదా, మరి పోను పోను వేగం పెరిగిపోవాలి. దారిలో మొత్తం 10 మీటర్ల ఎత్తు దిగిందనుకుని, ఘర్షణే లేదనుకుని లెక్క కట్టండి: సెకనుకు 14 మీటర్లు వస్తుంది, అంటే గంటకు 50 కిలోమీటర్లు! అలా పారితే గట్లు నిలబడవు. నిజంగా జరిగేది వేరు. వాలు వెంట భూమి నీటిని ముందుకు లాగుతుంది, కాలువ అడుగూ గట్లూ ఘర్షణతో వెనక్కి పడతాయి. ఈ రెండూ సమానమైన చోట ఫలిత బలం సున్నా. అక్కడ నీరు ఆగిపోదు, తన వేగంతో తాను సాగుతుంది. 1687లో న్యూటన్ ప్రచురించిన మొదటి నియమం చెప్పేది ఇదే. ఫలిత బలం సున్నా అంటే ఆగి ఉండడం ఒక్కటే కాదు, మారని వేగంతో ఒకే దిక్కున పోవడం కూడా.

లెక్కలో "ఒకే వేగంతో" అనే మాట కనిపిస్తే చాలు, ఫలిత బలం సున్నా అని పక్కన రాసేసుకోండి. లెక్క ఇచ్చినవాళ్లు దాన్ని ఊరికే పెట్టరు.

చర్య, ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అంటారు. మరి రెండూ కొట్టుకుపోయి ఏదీ కదలకూడదు కదా?

రెండు బలాలు కొట్టుకుపోవాలంటే ఒకే వస్తువు మీద పనిచేయాలి. చర్య ఒక వస్తువు మీద, ప్రతిచర్య ఇంకో వస్తువు మీద ఉంటాయి. పడవవాడు గెడను ఏటి అడుగున ఆనించి వెనక్కి నెడతాడు. గెడ నేలను వెనక్కి నెట్టింది, నేల గెడను ముందుకు నెట్టింది. గెడ పట్టుకున్న మనిషీ, అతను నిలబడ్డ పడవా ముందుకు పోయేది నేల ఇచ్చిన ఆ నెట్టుడుతోనే. నేల మీద పడ్డ బలం పడవ బొమ్మలోకి రాదు.

పడవ ఒడ్డుకు చేరకముందే దూకితే పడవ వెనక్కి పోవడం కూడా ఇదే. 40 కిలోల పిల్లాడు 160 కిలోల నావలోంచి సెకనుకు 2 మీటర్ల వేగంతో ఒడ్డు వైపు దూకాడు. మొదట ఇద్దరి ద్రవ్యవేగమూ (ద్రవ్యరాశి × వేగం) సున్నా. నీటి నిరోధం వదిలేస్తే దూకిన తర్వాత కూడా మొత్తం సున్నాయే. 40 × 2 = 80, కాబట్టి నావ వెనక్కి 80 ÷ 160 = 0.5 మీ/సె తో పోతుంది. నావ తేలికైన కొద్దీ ఎక్కువ వేగంతో జారిపోతుంది, మనిషి నీళ్లలో పడతాడు. రేవులో పడవను తాడుతో కట్టాకే దిగమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే.

కొబ్బరికాయ మీద పడితే అంత ప్రమాదమా? లెక్క కట్టి చూపించగలరా?

తప్పకుండా. ఒక్క లెక్కలో సగం పాఠం వచ్చేస్తుంది.

20 మీటర్ల ఎత్తు నుంచి ఒకటిన్నర కిలోల కాయ రాలింది. తొలి వేగం సున్నా. 20 = ½ × 10 × కాలం వర్గం. కాలం 2 సెకన్లు, నేల తాకేటప్పటి వేగం 20 మీ/సె. గంటకు 72 కిలోమీటర్లు. ఇందాకటి బస్సు వేగం. దింపు తీసేటప్పుడు చెట్టు కింద నిలబడకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఎండిన ఆకు అదే చెట్టు మీద నుంచి ఊగుతూ నెమ్మదిగా వస్తుంది. దానికి బరువు తక్కువ, వెడల్పు ఎక్కువ, గాలి గట్టిగా ఆపుతుంది. కాయ మీద గాలి ప్రభావం అంతగా ఉండదు కాబట్టి వదిలేశాం.

ఇప్పుడు కాయ ద్రవ్యవేగం 1.5 × 20 = 30 కి.గ్రా.·మీ/సె. బురద చేలో పడి 0.02 సెకన్లలో ఆగిందనుకుంటే, సగటు ఫలిత బలం 30 ÷ 0.02 = 1500 న్యూటన్లు. సిమెంటు గచ్చు మీద పడి 0.002 సెకన్లలోనే ఆగితే 15,000. ద్రవ్యవేగంలో మార్పు రెండుచోట్లా ఒకటే, ఆగడానికి పట్టిన కాలం పదో వంతైంది, బలం పదింతలైంది. ఇంకొంచెం సూక్ష్మంగా చూడాలంటే, 1500 అనేది ఫలిత బలం. కాయను భూమి 15 న్యూటన్లతో కిందకి లాగుతూనే ఉంది, కాబట్టి బురద పైకి ఇచ్చింది 1515.

ఈ 0.02 సరైనదేనా అని కూడా అడగాలి. ఆగేటప్పుడు సగటు వేగం 10 మీ/సె అనుకుంటే, 0.02 సెకన్లలో కాయ 20 సెంటీమీటర్లు దిగబడుతుంది. మెత్తని బురదలో నమ్మదగిన మాటే. ఎవరైనా 0.1 సెకను అని ఇస్తే కాయ మీటరు లోతు దిగబడాలి, అది జరిగే పని కాదు. జవాబు వచ్చాక ఇలా నిజంతో పోల్చి చూడడం మార్కుల కంటే పెద్ద చదువు. మనిషి పరుగు సెకనుకు 80 మీటర్లు వచ్చిందంటే ఎక్కడో సున్నా ఎక్కువైంది, వెనక్కి వెళ్లి వెతకాలి.

బస్తా బరువు 50 కిలోలు అంటాం. పుస్తకం న్యూటన్లు అంటోంది.

కిలోలు ద్రవ్యరాశికి, న్యూటన్లు భారానికి. లెక్కలో "ద్రవ్యరాశి" అని ఉంటే ఇచ్చిన అంకె వాడండి, దాని మీద భూమి బలం కావాలంటే గురుత్వ త్వరణంతో, అంటే మన లెక్కల్లో 10 తో గుణించండి. 50 కిలోల బస్తా భారం 500 న్యూటన్లు.

రోజుకు ఎన్ని లెక్కలు చేయాలి?

మూడో నాలుగో, పూర్తిగా. బొమ్మతో, ప్రమాణాలతో, చివర సరిచూసుకోవడంతో. నలభై లెక్కలకు సొల్యూషన్ చదివేసి "వచ్చేసింది" అనుకోవడం ఈత పుస్తకం చదివి గోదాట్లో దూకడమే. వారం కింద చేసిన లెక్క ఒకటి రోజూ మళ్లీ తెల్ల కాగితం మీద చేయండి. అప్పుడు తడబడితే మొదటిసారి మీకు రాలేదన్నమాట, గుర్తుంది అంతే.

లెక్క రాకపోతే సొల్యూషన్ ఎప్పుడు చూడొచ్చు?

బొమ్మ గీసి, తెలిసినవి రాసి, కనీసం ఒక దారి ప్రయత్నించాక. అప్పుడైనా మొదటి లైను చూసి మూసేయండి. అక్కడి నుంచి మీరే లాగండి. పూర్తిగా చూడాల్సి వస్తే, మీరు ఎక్కడ ఆగారో తప్పుల నోటులో ఒక్క వాక్యం రాయండి: "రైలు పొడవు కలపలేదు", "దిక్కు మధ్యలో మార్చాను". నెల తిరిగేసరికి అవే రెండు మూడు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిని పట్టుకుంటే చాలు.

మాకు ఫిజిక్స్ రాదండి. మా అమ్మాయికి ఇంట్లో ఏం సాయం చేయగలం?

మీరు చేయగలిగిన సాయం పెద్దదే. పక్కన కూర్చుని, "ఈ లెక్కలో ఏం జరుగుతోందో నాకు చెప్పమ్మా" అనండి. మీకు అర్థమయ్యేలా చెప్పేదాకా వదలకండి. జవాబు తప్పో ఒప్పో మీరు చూడక్కర్లేదు. తన మాట తనకే వినపడితే తప్పు చాలాసార్లు తనే పట్టుకుంటుంది. మార్కులు తక్కువొచ్చాయని పక్కింటి పిల్లతో పోల్చకండి, దాంతో టెన్షన్ తప్ప ఇంకేం పెరగదు.

ఇంగ్లీషు మీడియంలో ప్రశ్నే అర్థం కావడం లేదు.

ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో రెండు భాషలూ ఎదురెదురు పేజీల్లో ఉంటాయి, రెండు పేజీలూ చదవండి. ఆలోచన తెలుగులో సాగనివ్వండి, జవాబు ఇంగ్లీషులో రాయండి. బొమ్మకు ఏ మీడియమూ లేదు.

మా బడిలో ల్యాబ్ లేదు. ప్రయోగాలు ఎలా?

చలనానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. కాలువ గట్టు మీద 20 మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతండి. ఎగువన ఒక ఎండు కొబ్బరి డొక్క నీటిలో వేసి, మొదటి పుల్ల నుంచి రెండో పుల్ల దాకా ఫోనులో టైము చూడండి. 25 సెకన్లు పడితే ప్రవాహం 0.8 మీ/సె. గట్టు పక్కన ఒకసారి, మధ్యలో ఒకసారి వేసి చూస్తే, గట్టు దగ్గర నీరు ఎందుకు నెమ్మదిగా పోతుందో మీకే తడుతుంది. పెద్దవాళ్లు తోడు లేకుండా నీటి దగ్గరికి వెళ్లకండి, నీటిలో దిగొద్దు. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు సైకిలు ప్రయోగం చేయండి. ఒక గీత దాటగానే తొక్కడం ఆపేసి, సిమెంటు రోడ్డు మీద ఎంత దూరం పోయి ఆగిందో, మట్టి రోడ్డు మీద ఎంత దూరమో కొలవండి.

పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో ఈ పాఠాలే ఎందుకు అంత కష్టమవుతాయి?

పదిలో కాంతి, విద్యుత్తు మీద దృష్టి ఉంటుంది, తొమ్మిదిలో చేసిన చలనం ఏడాది పాటు పక్కకు పోతుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో అది సదిశలతో, త్రికోణమితితో కలిసి ఒక్కసారిగా వస్తుంది. పది పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో తొమ్మిదో తరగతి చలనం, బలం పాఠాల్లోని లెక్కలు ఇంకోసారి చేయండి. కోచింగ్ మెటీరియల్ తర్వాత చూసుకోవచ్చు.

సొంతంగా చేసి చూడటానికి కొన్ని లెక్కలు ఇస్తారా?

మూడు ఇస్తాను, జవాబులు కింద ఉన్నాయి. ముందు చేతితో ఆ భాగం మూసేసి చేయండి.

సెకనుకు 6 మీటర్లతో పోతున్న సైకిలు తొక్కడం ఆపాక 45 మీటర్లు పోయి ఆగింది. సైకిలూ మనిషీ కలిపి 60 కిలోలు. రుణత్వరణం ఎంత, వెనక్కి పట్టిన సగటు బలం ఎంత?

నేల మట్టం నుంచి సెకనుకు 15 మీటర్లతో నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి ఎంత ఎత్తు పోతుంది, మళ్లీ నేలకు ఎంతసేపట్లో వస్తుంది?

2000 కిలోల ట్రాక్టరు, ధాన్యంతో కలిపి 3000 కిలోల తొట్టిని లాగుతూ 0.5 మీ/సె² త్వరణంతో కదులుతోంది. ట్రాక్టరు మీద నిరోధం 400 న్యూటన్లు, తొట్టి మీద 600. తొట్టిని కలిపే కొక్కెంలో బలం ఎంత? నేల ట్రాక్టరును ముందుకు నెట్టే బలం ఎంత?

జవాబులు. సైకిలు: 0.4 మీ/సె², 24 న్యూటన్లు. బంతి: 11.25 మీటర్లు, 3 సెకన్లు. ట్రాక్టరు లెక్కలో తొట్టిని ఒక్కదాన్నే గీస్తే కొక్కెంలో బలం 2100 న్యూటన్లు వస్తుంది, రెండూ కలిపి ఒకే వస్తువుగా గీస్తే నేల ఇచ్చే బలం 3500 న్యూటన్లు వస్తుంది. మీకు వేరే అంకె వస్తే కూడికల్లో వెతక్కండి, ముందు బొమ్మలో బాణాలు లెక్కపెట్టండి.